నడుం కొలత

కోటవీధిలో మెట్ల కింద నా కొట్టు.
రాత్రి తెల్ల లైనింగు బయట మరిచిపోతే
తెల్లారేసరికి పోర్టు బొగ్గు దానికి బూడిద రంగు వేసేస్తుంది.
సూదుల్ని ఉప్పుగాలి తినెయ్యకుండా
కొబ్బరినూనె గుడ్డలో చుట్టి పడుకోబెడతాను.

గురువారం గురువారం
సోల్జర్‌పేట నుంచి హెస్టర్ టీచరు వస్తుంది,
చేతిలో గౌను, చంకలో పుస్తకం.
నేను కుట్లు విప్పుతుంటే
స్టూలు మీద కూచుని
ఇంగ్లీషుని అక్కడికక్కడే తెలుగు చేసి చదువుతుంది.

నూట పదిహేనేళ్ల కిందటి న్యూయార్క్ అట.
రైలుపట్టాల మీద డబ్బు పండించుకున్న ఇళ్లు.
ఒక దొరసాని తన కుక్కకి పెళ్లి చేసింది.
ముప్పై ఆరు కుక్కలు విందుకొచ్చాయి,
వెండి గిన్నెలు, ఒక్కోదానికీ ఒక్కో నౌకరు.
"నౌకర్లేటి తిన్నారు టీచరమ్మా?"
వెనక పేజీలు కూడా తిప్పి చూసింది.
రాయలేదు.

మూడో గురువారం ఆడెలైన్ మార్చ్ వచ్చింది.
నాటకాల మనిషి.
సబ్బుల మీద ఆమె, సిగరెట్ పెట్టెల్లో ఆమె,
కుర్రాళ్ల టోపీల లోపల ఆమె.
ముఖం కన్నా నడుం పేరుమోసింది:
పద్దెనిమిది అంగుళాలు.
ఆ అంకె కోసం ఊళ్లో ఆడపిల్లలు
ఊపిరి బిగబట్టి తాళ్లు లాగించుకున్నారట,
ట్రాముల్లో కళ్లు తిరిగి పడ్డారట.

అంకె బయటపెట్టింది ఆమె దర్జీయే.
ఇజిడోర్ అని, ఓడెక్కి వచ్చినవాడు.
పేపరువాళ్ల దగ్గర యాభై డాలర్లు పుచ్చుకుని
కొలతల పుస్తకంలో కాగితం చింపి ఇచ్చాడట.
ద్రోహి, అంది పుస్తకం. అర పేజీ.
ఆ తర్వాత ఏమయ్యాడో లేదు.

నాకెక్కడో గుచ్చుకుంది.
"బొమ్మ ఉందేటండీ?"
ఉంది. కళ్లద్దాలు తుడుచుకున్నాను.
పక్కకి తిరిగి, గొడుగు ఆనించి నిలబడింది.
ముఖం జోలికి పోలేదు నేను.
ఎడమపక్క మడతలు చూశాను.
గుడ్డ అబద్ధమాడదు.
ఆ కుచ్చు అలా విచ్చుకోవాలంటే
లోపల ఇరవై మూడుకి తక్కువుండదు.
వెనక గోడ మీది పూలు
సరిగ్గా నడుం దగ్గరే వంకరపోయాయి:
స్టూడియోవాడు బ్లేడుతో గీకేశాడు.

"ఇజిడోరు అబద్ధం అమ్మేడండీ" అన్నాను.
"నిజం కాయితం జేబులోనే ఉండిపోయుంటాది."
టీచరు పకపకా నవ్వింది. దగ్గొచ్చింది.
నీళ్లిచ్చాను.
గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది.

నా దగ్గరా ఉంది అలాంటి పుస్తకం,
ఎర్ర అట్ట, ముప్పై ఒక్క ఏళ్ల అంకెలు.
ఎవరికి నాలుగో నెలో వాళ్ల అత్త కన్నా ముందు నాకు తెలుసు.
ఏ పెద్దమనిషి భార్య
జబ్బ మీద టేపు ఆనితేనే ఉలిక్కిపడుతుందో తెలుసు.
ఎవరూ వచ్చి అడగలేదు,
కోటవీధి ఆడవాళ్లతో పేపర్లకేం పని.
వచ్చి యాభై డాలర్లు బల్ల మీద పెట్టుంటే
ఏం చేసేవాణ్నో,
ఒట్టేసి చెప్పలేను.

హెస్టర్ టీచరు పేజీ:
ఈస్టరుకి ముప్పై నాలుగు.
వానలకి ముప్పై ఒకటిన్నర.
ఇవాళ టేపు చుట్టాను.
చివరి ఇత్తడి బిళ్ల నా వేలు దాటి
ఇంకా వస్తోంది, ఇంకా వస్తోంది.
"ఎంత, దాలయ్యా?" అంది
పుస్తకంలోంచి తలెత్తకుండా.
"అంతే ఉందండీ. గుడ్డే సాగిపోయింది.
ఈమధ్య మిల్లు గుడ్డలన్నీ ఇంతే."
పెన్సిలు తీసి ముప్పై ఒకటిన్నరే రాశాను.

ఆవిడ పేజీ మూల మడవబోయి మానేసింది.
"వచ్చేవారం ఇంకొకావిడ" అంది,
"బెలూనెక్కి పెళ్లికొడుకు దగ్గర్నుంచి పారిపోయిందట."
"ఎక్కడ దిగిందండీ?"
"అప్పుడే చెప్పేస్తే ఎలా?"

హార్బరులో ఏదో ఓడ కూసింది.
ఆవిడ మెట్లు దిగి మలుపు తిరిగేదాకా ఆగి,
అసలు అంకె మరిచిపోకముందే
సుద్దముక్కతో గౌను లోపలివైపు రాసుకున్నాను.
కుట్టేస్తే కనబడదు.